పాత హాలును యువ కేంద్రంగా మార్చడం: సోలార్ ముందా, ర్యాంపు ముందా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: మీ సంఘం చేతికి వాడకంలో లేని పాత హాలు ఒకటి వచ్చింది. అందరూ రాగలిగే, పర్యావరణానికి భారం కాని యువ కేంద్రంగా దాన్ని మార్చాలని మీ ఆలోచన. డబ్బు తక్కువ. సోలార్ పలకలు పెట్టిద్దామని సగం మంది, ర్యాంపు కట్టిద్దామని సగం మంది పట్టుబడుతున్నారు. ఏది ముందు, లోపల ఏయే కార్యక్రమాలు నడపాలి అన్నవి మీ రెండు ప్రశ్నలు.

ముందు గుమ్మం, ఆ వెంటనే మరుగుదొడ్డి. సోలార్ అన్నిటికన్నా చివర. కార్యక్రమాల పట్టికలో సగం గడులు ఖాళీగా ఉంచి తలుపులు తెరవండి. ఆ గడులు నింపాల్సింది మీరు కాదు, వచ్చే పిల్లలు. చాలా ఏళ్లుగా ఇలాంటి కేంద్రం ఒకటి నడుపుతున్నాను, మరికొన్నిటికి సలహాలు ఇచ్చాను. కప్పు మీద ఏముందో చూసి లోపలికి వచ్చిన కుర్రవాడు ఒక్కడూ నాకు తారసపడలేదు. తలుపు ఏ వేళల్లో తెరిచి ఉంటుంది, లోపల తన మాట చెల్లుతుందా, ఈ రెండే వాళ్లు చూస్తారు.

సోలార్ ఎందుకు ముందు వద్దంటున్నానో చెబుతాను, ఎందుకంటే మీ సంఘంలో ఆ వర్గం వారు నా మీద కోప్పడతారు. పలకలు ఎక్కువ కరెంటు తయారుచేసేది మధ్యాహ్నం. యువ కేంద్రం నిండేది సాయంత్రం, బడులు, కాలేజీలు, పనులు అయిపోయాక. మిగులు కరెంటును గ్రిడ్ తీసుకుని లెక్క కట్టే ఏర్పాటు మీ దగ్గర ఉంటే సరే. లేకపోతే బ్యాటరీలు కావాలి, ఖర్చు పెరుగుతుంది. పైగా పలకలు పాతికేళ్ల పాటు పనిచేసే వస్తువులు. మీ పాత కప్పు ఇంకో ఐదేళ్లలో మరమ్మతుకు వచ్చేదైతే అవన్నీ విప్పి మళ్లీ బిగించాల్సిందే. కప్పు ఎంత బరువు మోస్తుందో ఇంజినీరు చేత చూపించకుండా ఈ చర్చే అనవసరం.

నిజానికి పర్యావరణం పేరుతో మీరు చేయగలిగిన పెద్ద పని ఇప్పటికే అయిపోయింది. పాత కట్టడాన్ని కూల్చకుండా వాడుకోవడమే ఆ పని. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7 నుంచి 8 శాతం సిమెంటు తయారీ వల్లే వస్తుంది. కాబట్టి కొత్త గోడ లేపే ముందు రెండుసార్లు ఆలోచించండి. ఆ తర్వాత ఎల్‌ఈడీ దీపాలు, గాలి కారే సందులు మూయడం, ఎండ పడే కిటికీలకు బయటి వైపు నీడ, కారే కుళాయిల బాగు. ఫొటోలకు పనికిరావు గనుక వీటి గురించి ఎవరూ మాట్లాడరు. కరెంటు బిల్లు తగ్గేది మాత్రం వీటితోనే. వాడకం ముందు తగ్గించుకుంటే, రేపు సోలార్ పెట్టినా చిన్నది సరిపోతుంది.

ఇక గుమ్మం. ర్యాంపు కట్టించాం అని చెప్పే చోట్ల చాలా వరకు కనిపించేవి జారుడు బల్లలు. ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు అన్నది చాలా దేశాల్లో పాటించే కొలత. అంటే గుమ్మం నేల కంటే 45 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటే ర్యాంపు 5.4 మీటర్లు ఉండాలి. అంత స్థలం లేదని సగానికి కుదిస్తే చక్రాల కుర్చీలో ఉన్న మనిషి సొంతంగా ఎక్కలేరు, దిగేటప్పుడు ప్రమాదం కూడా. రెండు పక్కలా పట్టుకునే కమ్మీలు ఉండాలి. ర్యాంపు పైన, తలుపు ముందు, కనీసం మీటరున్నర చదునైన జాగా వదలాలి. ఇది లేకపోతే ఏమవుతుందో నేను చూశాను: వాలు సరిగ్గా తలుపు దగ్గరే ముగిసింది, తలుపేమో బయటికి తెరుచుకునేది. చక్రాల కుర్చీలో వచ్చిన అమ్మాయి ఒక చేత్తో తలుపు లాగితే కుర్చీ వెనక్కి జారుతోంది, రెండు చేతులూ చక్రాల మీద పెడితే తలుపు తెరుచుకోదు. కొలతల ప్రకారం ఆ ర్యాంపులో తప్పేమీ లేదు. పైనుండాల్సిన చదును జాగా ఒక్కటే లేదు.

తలుపు తెరిచాక ఖాళీ వెడల్పు 90 సెంటీమీటర్లు ఉండేలా చూడండి. మరుగుదొడ్డిలో చక్రాల కుర్చీ చుట్టూ తిరగడానికి మీటరున్నర వ్యాసం ఉన్న చోటు కావాలి. పడిపోతే సాయం కోసం లాగే తాడు నేల దాకా వేలాడాలి, ఎందుకంటే పడిపోయిన మనిషి ఉండేది నేల మీదే. శుభ్రం చేసేటప్పుడు అడ్డొస్తోందని దాన్ని పైకి ముడివేసి వదిలేయడం ప్రతిచోటా చూస్తుంటాను. అలాగే, వికలాంగుల మరుగుదొడ్డిని చీపుర్లు, బకెట్లు, విరిగిన కుర్చీలు దాచే గదిగా మార్చేస్తారు. మొదటి రోజు నుంచే దీన్ని ఒప్పుకోకండి. నెలకోసారి ఎవరైనా ఒకరు చక్రాల కుర్చీలో కూర్చుని వీధి నుంచి మరుగుదొడ్డి దాకా వెళ్లి రావాలి. నివేదికలు రాయించడం కంటే ఇది మేలు.

ఇప్పుడు అసలు చిక్కు. "అందరికీ అనువైనది", "పర్యావరణ హితమైనది" అన్న రెండు మాటలను మీరు ఒకే వాక్యంలో రాశారు. కాగితం మీద అవి కలిసే ఉంటాయి. రోజువారీ నడకలో మాత్రం తరచూ ఒకదానితో ఒకటి తగాదా పడతాయి, ఆ తగాదాలు చాలా చిన్న విషయాల దగ్గర మొదలవుతాయి.

కరెంటు ఆదా కోసం కదలికను బట్టి వెలిగే దీపాలు పెడతారు. మరుగుదొడ్డిలో కదలకుండా కూర్చున్న మనిషి మీద చీకటి పడుతుంది. కొందరు ఒక నవ్వు నవ్వి చేయి ఊపుతారు. చేయి ఊపలేనివారు ఏం చేయాలి? సంజ్ఞా భాషలో మాట్లాడుకునే ఇద్దరి మీద దీపం ఆరితే వారి సంభాషణే తెగిపోతుంది. పెదవుల కదలికను బట్టి మాట పోల్చుకునేవారికీ అంతే. అలాంటి దీపాలు నడవాల్లో, సామాన్ల గదిలో పెట్టండి. మనుషులు కూర్చునే చోట మామూలు స్విచ్చి, అందరి చేతికీ అందే ఎత్తులో.

నీరు ఇంకాలని ఆవరణ అంతా కంకర పోయిస్తారు. నీరు ఇంకుతుంది, చక్రాల కుర్చీ కూడా దిగబడుతుంది. సందుల్లోంచి నీరు దిగేలా పరిచే పలకలు ఉన్నాయి. సందులు సన్నగా, పైభాగం చదునుగా ఉండేవి చూసుకుంటే రెండూ కుదురుతాయి. కంకర కావాలంటే చెట్ల మొదళ్ల దగ్గర వేయండి, నడిచే దారిలో వద్దు.

ప్లాస్టిక్ స్ట్రాలు పూర్తిగా నిషేధించిన కేంద్రాన్ని అందరూ మెచ్చుకుంటారు. కండరాల మీద పట్టు లేని వారికి వంగే ప్లాస్టిక్ స్ట్రా లేకుండా నీళ్లు తాగడం కష్టం. కాగితపుది నాని చిరుగుతుంది, లోహపుది పంటికో చిగురుకో తగిలి గాయం చేస్తుంది. ఒక పొట్లం లోపల ఉంచుకుని, అడిగినవారికి కారణం అడగకుండా ఇచ్చేస్తే పోతుంది. ఇక్కడ అడ్డుకున్న నాలుగు స్ట్రాల కంటే, కార్యక్రమాలకు వాడి పారేసే కప్పులు మానేస్తే దక్కేది చాలా ఎక్కువ. కాగితపు కప్పులు అని మురిసిపోకండి, వాటి లోపలి పూత చాలా వరకు ప్లాస్టిక్కే. కడుక్కుని వాడే గ్లాసులు కొనండి.

చేతులు ఆరబెట్టే యంత్రం కాగితం ఆదా చేస్తుంది, నిజమే. దాని హోరుకు చెవులు మూసుకుని బయటికి పరుగెత్తే పిల్లలు ఉంటారు, ముఖ్యంగా ఆటిజం ఉన్నవారిలో. ఉతికి వాడే గుడ్డ తువ్వాళ్లు అక్కడ ఉంచితే సరిపోతుంది. కార్లు రానివ్వం, సైకిళ్లకే చోటు అనే నియమం పెడితే, కారు తప్ప మరో దారి లేని వారి కోసం గుమ్మానికి దగ్గరగా ఒక చోటు వదలండి. కాగితం మానేసి సమాచారమంతా ఫోనులో పెడతామంటే, ఫోను లేని పిల్లలు, చూపు తక్కువ ఉన్నవారు ఎలా తెలుసుకుంటారో ముందు చెప్పండి. గోడ మీద పెద్ద అక్షరాల బోర్డు ఒకటి, దాని మీద చాక్‌పీసు రాత, ఇంతకంటే పచ్చని ప్రచార సాధనం నాకు తెలియదు.

ఈ తగాదాల్లో నేను పాటించే నియమం ఒక్కటే. మనిషి పక్షాన తీర్పు ఇచ్చి, ఆదాను మరోచోట వెతుకుతాను. మరోచోటు ఎప్పుడూ దొరుకుతుంది.

కార్యక్రమాలకు వద్దాం. "వికలాంగుల దినం" అంటూ విడిగా పెట్టకండి. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణం ఆటపాటల్లో, వినోదంలో ఇతరులతో సమానంగా పాల్గొనే హక్కు గురించి మాట్లాడుతుంది. ఆ సమానత్వం ఏడాదికోసారి పూలదండతో వచ్చేది కాదు. ఆట నియమంలోనే అది ఉండాలి.

గోల్‌బాల్ చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం 1946లో పుట్టిన ఆట ఇది, 1976 నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. బంతిలో గంటలుంటాయి. ఒక్కో జట్టులో ముగ్గురు, అందరి కళ్లకూ గంతలు. ఒక జట్టు నేల మీదుగా విసిరిన బంతిని ఎదుటి జట్టు శబ్దం విని, అడ్డంగా పడుకుని ఆపాలి. ఆడే చోటు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, అంటే మామూలు హాలులో పట్టేస్తుంది. బంతి శబ్దం వినపడాలి కాబట్టి చూసేవారంతా నోరు మూసుకోవాలి. కళ్లు కనిపించే కుర్రాళ్లు గంత కట్టుకున్న మొదటి ఐదు నిమిషాల్లో బంతికి ఎదురుగా కాక గోడకు ఎదురుగా పడుకుంటారు. వాళ్లకు ఎక్కడ నిలబడాలో చూపు లేని అమ్మాయి నేర్పుతుంది. నేల మీద అతికించిన టేపు కింద దారం ఉంటుంది, కాలితో తడిమి గీత ఎక్కడుందో తెలుసుకోమంటుంది. ఆ గంటసేపు ఎవరు ఎవరికి సాయం చేస్తున్నారో చెప్పడం కష్టం.

కూర్చుని ఆడే వాలీబాల్ కూడా అంతే మంచిది. చోటు 10 మీటర్లు, 6 మీటర్లు చాలు. నెట్టు మగవారికి 1.15 మీటర్లు, ఆడవారికి 1.05 మీటర్ల ఎత్తు. నడవగలిగినవారు కూడా నేల మీద కూర్చునే ఆడాలి కాబట్టి పొడుగు వల్ల వచ్చే లాభం చాలా తగ్గిపోతుంది.

ఆటల తర్వాత పెట్టాల్సిన రెండో కార్యక్రమం మరమ్మతు బల్ల. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్మా అనే ఆమె మొదలుపెట్టిన పద్ధతి ఇప్పుడు చాలా దేశాలకు పాకింది. పాడైన వస్తువు తెచ్చుకుని, తెలిసినవారి పక్కన కూర్చుని, తామే బాగుచేసుకోవాలి. ఇచ్చిపోయి తర్వాత తీసుకెళ్లే దుకాణం కాదు. మొదట సైకిళ్లు, బట్టలు, బల్లదీపాలు, హెడ్‌ఫోన్లతో మొదలుపెట్టండి. దీపాలు, హెడ్‌ఫోన్లలో తీగ తెగేది ఎక్కువగా ప్లగ్గు మొదట్లోనే, ఎందుకంటే అక్కడే పదే పదే వంగుతుంది. కొత్తవారికి మొదటి విజయం త్వరగా దక్కుతుంది.

మా బల్ల దగ్గర సైకిలు చక్రాల పని పుట్టుకతోనే చూపు లేని కుర్రవాడిది. ఇరుసు పక్కన చట్రం మీద రెండు వేళ్లు ఆనించి, మరో చేత్తో చక్రం తిప్పుతాడు. గరగరమంటూ వేళ్లకు తగిలితే లోపల గుండ్లు అరిగాయని, ఒక్కో చుట్టుకు ఒక్కసారే టిక్కుమంటే చువ్వ ఏదో వదులైందని చెబుతాడు. చువ్వలను జతలుగా నొక్కుకుంటూ పోయి ఆ వదులు చువ్వను పట్టుకుంటాడు. అతడిని అక్కడ కూర్చోబెట్టింది మేము కాదు. శబ్దం విని వచ్చి, ఖాళీ కుర్చీ ఉంటే కూర్చున్నాడు. పట్టికలో ఖాళీ గడులు ఉంచమనడానికి ఇదీ ఒక కారణం.

ఒక హెచ్చరిక. మైక్రోవేవ్ ఓవెన్లు ఎప్పుడూ విప్పనివ్వకండి. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణాలు తీసేంత కరెంటు నిలిచి ఉండవచ్చు. ఉబ్బిన ఫోను బ్యాటరీలను పొడవడం, విప్పడం నిషేధం. ఈ రెండు మాటలూ బల్ల మీద రాసి అతికించండి.

మూడోది పారేసే సామాన్లతో కట్టే చోటు. 1943లో డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్ దగ్గర ఎమ్‌డ్రప్‌లో ఇలాంటి మొదటి ఆటస్థలం తెరిచారు. దాని వెనుక ఉన్న సోరెన్సెన్ అనే తోటల రూపశిల్పి, తాను గీసిన చక్కటి ఆటస్థలాలకంటే పాత ఇటుకలు, చెక్కలు పడి ఉన్నచోటే పిల్లలు ఎక్కువగా ఆడటం గమనించాడు. ఇప్పటికీ అదే నిజం. కొత్త ఆట సామగ్రి కొనే డబ్బుతో రంపాలు, సుత్తులు, చేతి తొడుగులు, పక్కన ఉండి నేర్పే ఒక మనిషిని ఏర్పాటు చేయండి. మేకులు తీసిన చెక్క, తీయని చెక్క వేరువేరుగా పెట్టించండి.

తోట గురించి అందరూ చెబుతారు కాబట్టి కొంచెమే. మడులు 70 సెంటీమీటర్ల ఎత్తులో, కింద మోకాళ్లు పట్టేలా కట్టిస్తే కూర్చున్నవారూ పనిచేయగలరు. ఒక పక్క నుంచే చేయి పెట్టాల్సిన మడి 60 సెంటీమీటర్ల వెడల్పు దాటకూడదు. కంపోస్టు కంపు కొడితే పచ్చి చెత్త ఎక్కువైందని అర్థం. ఎండుటాకులు, చింపిన అట్టపెట్టెలు దానికి రెండు మూడింతలు కలపండి, గాలి ఆడేలా తిరగేయండి. కప్పు మీది వాన నీరు లెక్క కట్టడం తేలిక. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్లు కురిస్తే 1,000 లీటర్లు, అందులో కొంత తరుగు పోతుంది. వాన మొదట్లో కప్పును కడిగిన మురికి నీరు ట్యాంకులోకి పోకుండా చూడండి.

ఏ పనీ లేని వేళలు మాత్రం తప్పకుండా పెట్టండి. చాలా కేంద్రాలు ప్రతి గంటకూ ఒక శిక్షణ పెట్టి బడికి రెండో విడతలా తయారవుతాయి. ఊరికే వచ్చి కూర్చోవడానికి, తగవు పడటానికి, కబుర్లు చెప్పుకోవడానికి వేళ కావాలి. నిశ్శబ్దంగా ఉండే చిన్న గది ఒకటి కూడా కావాలి, మందమైన వెలుతురుతో. హోరు భరించలేనివారు అక్కడికి వెళ్లి, కుదుటపడ్డాక తిరిగి వస్తారు. ఆ గది లేకపోతే నేరుగా ఇంటికి వెళ్లిపోతారు. పదకొండేళ్ల పిల్లలను, ఇరవై నాలుగేళ్ల వారిని ఒకే వేళకు ఒకే హాలులో వదలకండి. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో యువత అంటే 15 నుంచి 24 ఏళ్లు. మీరు ఏ హద్దు పెట్టుకున్నా, చిన్నవారికి, పెద్దవారికి వేళలు వేరుగా ఉండాలి.

అమ్మాయిలు రావడం లేదు, వాళ్లకు ఆసక్తి లేదు అని త్వరలోనే ఎవరో ఒకరు మీతో అంటారు. నమ్మకండి. ఆట స్థలం ఎప్పుడూ ఒకే గుంపు చేతిలో ఉందా, తిరిగి వెళ్లే దారిలో దీపాలు ఉన్నాయా, మరుగుదొడ్డికి గడియ, మూత ఉన్న చెత్తబుట్ట ఉన్నాయా, ముందు ఇవి చూడండి. తమ్ముడినో చెల్లెలినో చూసుకునే బాధ్యత ఉన్నవారు వాళ్లను వెంట తెచ్చుకోనివ్వండి. సగం సమస్య అక్కడే తీరుతుంది.

నిర్ణయాల సంగతి. 1992లో యునిసెఫ్ కోసం రాసిన వ్యాసంలో రోజర్ హార్ట్ పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. అందులో కింది మూడు మెట్లు, అంటే పిల్లలను వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు కూర్చోబెట్టడం, అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. ప్రారంభోత్సవాల్లో జరిగేదంతా ఆ మూడు మెట్ల మీదే. బడ్జెట్‌లో ఒక భాగాన్ని పూర్తిగా వాళ్ల చేతికి ఇవ్వండి, చిన్నదైనా సరే. జమాఖర్చులు గోడ మీద పెట్టండి. యువ కమిటీలో బాగా మాట్లాడేవారే చేరిపోతారు కాబట్టి సభ్యులను తరచూ మార్చండి. మాట్లాడలేనివారు, మాట్లాడటం ఇష్టం లేనివారు రంగు బిళ్లలతో ఓటు వేసే పద్ధతి పెట్టండి. వాళ్లు మీకు నచ్చని దాని మీద డబ్బు ఖర్చు పెడతారు. అడ్డుపడకండి.

రక్షణ విషయంలో మాత్రం ఓటింగు లేదు. ఏ పెద్దవారూ మూసిన గదిలో ఒక మైనరుతో ఒంటరిగా ఉండకూడదు. గది తలుపులకు అద్దపు పలక ఉండాలి. స్వచ్ఛందంగా పనిచేసేవారి పూర్వాపరాలు విచారించాలి. ఫిర్యాదు ఎవరికి చెప్పాలో, వారి మీదే ఫిర్యాదు ఉంటే ఇంకెవరికి చెప్పాలో, రెండు పేర్లూ గోడ మీద ఉండాలి.

చివరగా, డబ్బు మిగిలితే సామాన్ల మీద కాక వేతనం మీద పెట్టండి. స్వచ్ఛంద కార్యకర్తలు మంచివారే, కానీ పరీక్షలు, పెళ్లిళ్లు, ఉద్యోగాలు వచ్చినప్పుడు వెళ్లిపోతారు. తాళంచెవి ఉన్న మనిషి రాని రెండు సాయంత్రాలు చాలు, పిల్లలు మూడో సాయంత్రం రావడం మానేయడానికి. వారానికి ఆరు రోజులు అరకొరగా తెరవడం కంటే, మూడు రోజులు చెప్పిన వేళకు తెరవడం మేలు.

మీ గుమ్మం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, తలుపు ఎటు తెరుచుకుంటుందో, ముందు ఎంత జాగా ఉందో, హాలు పొడవు వెడల్పులు ఎంతో కొలిచి ఇక్కడే రాయండి. ర్యాంపు నేరుగా పడుతుందా, మలుపు తిప్పాలా, గోల్‌బాల్‌కు చోటు సరిపోతుందా అన్నది అప్పుడు చెప్పగలను.